తలుపులు తెరచిన లోగిళ్లు

గోదావరి ధవళేశ్వరము దాటిన పిదప గౌతమి యనియు, వసిష్ఠ యనియు రెండు పాయలుగా చీలి సముద్రమువైపు సాగును. వసిష్ఠనుండి వైనతేయ మరల వేరుపడును. ఈ పాయలకును సముద్రమునకును నడుమ నున్న పచ్చని నేలకే కోనసీమ యని పేరు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ఇందలి ముఖ్యస్థలములు. 2022 ఏప్రిలు 4వ తేదీన ఈ సీమ ప్రత్యేకజిల్లా యయ్యెను. ఆ సంవత్సరమే దానికి డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేరు చేర్చిరి. కోనసీమను చూడవచ్చినవారు కొబ్బరితోటలను, కాలువలను, వరిచేలను చూచి మెచ్చుకొందురు. కాని ఆ తోటల చాటున, ఎత్తైన అరుగులతో, నల్లబడిన పెంకుల కప్పులతో నిలిచియున్న పాత యిండ్లయెదుట ఆగి చూచువారు తక్కువ. వానినే మండువా లోగిళ్లందురు.

కోనసీమ ఎల్లప్పుడును నేటివలె సుభిక్షముగా లేదు. 1832-33లో వచ్చిన నందననామ సంవత్సరపు కరవు గోదావరీతీరమున ఎందరినో పొట్టన బెట్టుకొన్నది. ఆర్థరు కాటను పూనికతో 1847లో ధవళేశ్వరమువద్ద ఆరంభమైన ఆనకట్ట 1852లో ముగిసెను. తరువాత గన్నవరమువద్ద వైనతేయ పాయమీదుగా అక్విడక్టు కట్టి కాలువ నీటిని ఆవలిదైన నగరము దీవికి దాటించిరి. నీరు వచ్చిన పిమ్మట వరి పండినది, కొబ్బరి కాచినది, రైతు చేతిలో నాలుగు డబ్బు లాడినవి. చేతికి వచ్చిన ధనముతో కలిగినవారు చేసిన మొదటి పని, తరతరములు నిలుచునట్టి యిల్లు కట్టుకొనుట. నేడు కోనసీమలో మిగిలియున్న లోగిళ్లలో పెక్కింటికి ఆ కాలువనీరే పునాది.

లోగిలి యనగా ఇల్లు. మండువా యనగా ఆ యింటి నడిబొడ్డున ఆకాశమునకు తెరచి విడిచిన చోటు. దాని చుట్టును నాలుగువైపుల వసారాలు, వసారాల వెనుక గదులు ఉండును. ఇంటికప్పు వెలుపలికే గాక లోపలికిని వాలియుండును. వాన కురిసినప్పుడు నాలుగు చూరుల నీరును మండువాలోనికి ధారలుగా దిగి, ఒక మూలనున్న తూముగుండ వెలుపలికి పోవును. ఎండకాలమున లోపల వేడెక్కిన గాలి పైకి లేచి మండువా గుండ వెడలిపోవును. దాని తావున వీధివాకిలినుండియు పెరటివాకిలినుండియు చల్లగాలి లోనికి వచ్చును. సముద్రపు తేమతో ఉక్క పోయు ఈ సీమలో, విసనకఱ్ఱ పట్టువారు లేకయే ఇల్లు తన్ను తానే చల్లబరచుకొనుచుండెను. వరదలు వచ్చు నేల కనుక పునాదులను ఎత్తుగా లేపిరి. నాలుగైదు మెట్లెక్కిన గాని అరుగు అందదు. అందువలన కాలువ పొంగిన నాడు నీరు వాకిటివరకు వచ్చినను గడప దాటదు.

ఆ కాలపు పనివారు వాడిన వస్తువులును ఆ నేలకు తగినవే. టేకు దుంగలను ఎగువ అడవులనుండి తెప్పలుగా కట్టి గోదావరి ప్రవాహమున దిగువకు తెచ్చెడివారు. స్తంభములు, దూలములు, వాసములు, ద్వారబంధములు అన్నియు ఆ కఱ్ఱతోనే చేసిరి. సున్నమును ఇసుకను ఎద్దులు త్రిప్పు గానుగలో మెత్తగా నూరి, బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపి గోడలకు పూసిరి. గానుగసున్నము గోడకు చర్మమువంటిది. గోడలోనికి చేరిన తడిని అది మెల్లమెల్లగా వెలుపలికి విడుచును. ఈ సంగతి తెలియక ఈనాడు కొందరు పాత గోడపై సిమెంటు పూయుదురు. సిమెంటు తడిని బయటికి పోనీయదు. లోపల చిక్కిన తడి కొంతకాలమునకు పూతను పొరలుపొరలుగా ఊడదీసి, దానితో బాటు గోడను కూడ తినివేయును. వృద్ధునికి వస్త్రము కప్పబోయి ఊపిరి ఆడకుండ చుట్టిన ట్లగును.

ఇల్లు పెద్దదగుట ఒక్క కుటుంబపు సౌఖ్యమునకే కాదు. అందు తాతలు, తండ్రులు, పిల్లలు, మేనత్తలు, దూరపు చుట్టములు కలసి ఉండెడివారు. పంట ఇంటికి వచ్చు దినములలో ధాన్యమును గాదెలకెత్తుట, పెండ్లి దినములలో మండువాలో పందిరి వేయుట, శ్రావణమాసమున చూరునీటి చప్పుడు వినుచు పిల్లలు వసారాలో చదువుకొనుట ఆ యింటి నిత్యకృత్యములు. వీధి అరుగు మాత్రము ఇంటివారిది కాదు, బాటసారిది. నడచి వచ్చినవాడు దానిపై కూర్చుండి మంచినీళ్లు అడుగుటకు మొగమాటపడ నక్కరలేదు.

కోనసీమలో అతిథి అనగానే జ్ఞప్తికి వచ్చు పేరు డొక్కా సీతమ్మది. ఆమె 1841లో మండపేటలో జన్మించి, గన్నవరమునకు చెంతనున్న లంకల గన్నవరమునకు కోడలుగా వచ్చెను. అది నదీపాయల నడుమ నున్న యూరు. రేవు దాటవలసిన బాటసారులు ఆకలితో అచట దిగెడివారు. ఏ వేళ వచ్చినను, ఎవరు వచ్చినను ఆమె యింట అన్నము దొరకెడిది. కులమడిగి విస్తరి వేయలేదని ఆమెను గూర్చి నేటికిని చెప్పుకొందురు. 1909లో ఆమె కాలధర్మము చెందెను. 2000లో గన్నవరమువద్ద కట్టిన క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు సయితము ఆమె పేరే ఉంచెను. రాజ్యములు గెలిచినవారి పేర్లు మరపునకు వచ్చినను, ఒక యింటి వాకిలి మూయకుండ ఉంచిన యిల్లాలి పేరు నిలిచినది.

అయితే లోగిళ్లన్నియు సీతమ్మ యింటివలె ఉండెనని చెప్పుట సత్యము కాదు. అరుగువరకు వచ్చినవారందరికిని గడప దాటు హక్కు లేకుండెను. పొలము దున్నినవాడు, ధాన్యము మోసినవాడు, ఆ యింటి కప్పునకు పెంకులు నేసినవాడు కూడ పెక్కుచోట్ల వాకిటనే నిలిచి, పిలిచి మాటాడవలసివచ్చెడిది. ఇల్లు ఎంత చక్కనిదైనను దాని గడప కొందరిని లోనికి పిలిచి కొందరిని వెలుపల నిలిపినది. పాత యిండ్లను ప్రేమించువారు ఈ సంగతిని దాచరాదు. వానిని నిలుపవలెనను కోరికలో, పాత గడపను అట్లే నిలుపవలెనను కోరిక కలసియుండరాదు.

కాలము మారినది. కాలువనీరు తెచ్చిన ధనము పిల్లలను చదువులకు పంపినది. చదువు వారిని కాకినాడకు, రాజమహేంద్రవరమునకు, తరువాత హైదరాబాదునకు, అటుపిమ్మట సముద్రములకావలికి కొనిపోయినది. ఒక తాత కట్టిన యింటికి నలుగురు కొడుకులు, పదిమంది మనుమలు వారసులైరి. భూమిని గట్లు వేసి పంచుకొనవచ్చును గాని మండువాను నాలుగు ముక్కలు చేయుట ఎట్లు? కొన్ని యిండ్లలో నడుమ గోడలు లేచినవి. కొన్నింట వృద్ధులు మాత్రమే మిగిలిరి. వారును పోయిన పిదప తాళము పడెను. 1986 ఆగస్టున వచ్చిన గోదావరి వరదకును, 1996 నవంబరు 6వ తేదీ తుపానునకును తట్టుకొని నిలిచిన యిండ్లు సయితము తాళపుచెవికి తట్టుకొనలేకపోయినవి.

మూసిన యిల్లు ఎట్లు చచ్చునో చూచిన గాని తెలియదు. మొదట కొబ్బరిమట్ట యొకటి రాలి కప్పుమీద పడును. ఒక పెంకు పగులును. మనుష్యులున్న యింట ఆ పెంకును మరునాడే మార్చుదురు. మూసిన యింట దానిని చూచువారు లేరు. వాననీరు చుక్కచుక్కగా వాసముమీద పడును. తడిసిన కఱ్ఱకు చెదలు పట్టును. వాసము వంగును. వంగిన వాసము మీదనున్న పెంకులు జారి మరి పదిచోట్ల కప్పు తెరచుకొనును. ఇంతలో మండువా మూలనున్న తూమునకు ఆకులు అడ్డుపడును. నీరు నిలుచును. నిలిచిన నీరు గోడలోనికి ఎగబ్రాకును. పక్షి వేసిన రావివిత్తనము పగుళ్లలో మొలకెత్తి, తన వేళ్లతో ఇటుకలను విడదీయును. పది వానకాలములు గడచునప్పటికి ఆ యిల్లు అమ్మకమునకు వచ్చును. అది ఇల్లుగా కాదు, కఱ్ఱగా. ద్వారబంధమునకు ఒక వెల, స్తంభమునకు ఒక వెల, దూలమునకు ఒక వెల కట్టుదురు. నూరేండ్లు ఒక కుటుంబము తలవంచి దాటిన గుమ్మము ఏ నగరములోనో, ఏ క్రొత్త భోజనశాలలోనో, గోడకు ఆన్చిన అలంకారముగా మిగులును.

ఇట్టి చావునుండి తప్పించుకొన్న భవనములు లేకపోలేదు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది హైదరాబాదునందలి ఫలక్‌నుమా సౌధము. అది రాజభోగమునకై కట్టిన మేడ. కోనసీమ లోగిలికి దానితో పోలిక లేదు. అయినను దానికి పట్టిన జబ్బు ఈ జబ్బే. దానికి దొరకిన మందు ఎట్టిదో తెలిసికొనిన చిన్న యింటికి కూడ దారి కనబడవచ్చును.

ఫలక్‌నుమా యనగా ఆకాశమును బోలినది యని అర్థము. చార్మినారునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమున, ఒక కొండమీద అది నిలిచియున్నది. పైగా వంశమునకు చెందిన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దానికి శంకుస్థాపన చేసెను. ఆయన తరువాత హైదరాబాదు రాజ్యమునకు ప్రధానమంత్రియయ్యెను. ఇటలీ దేశపు చలువరాతితో, చెక్కడపు కఱ్ఱపనితో ఆ మేడ పూర్తియగుటకు ఇంచుమించు పది సంవత్సరములు పట్టినది. అందలి గ్రంథాలయపు పైకప్పును ఇంగ్లండునందలి విండ్సరు కోట గ్రంథాలయపు కప్పును బోలునట్లు చెక్కిరి. భోజనశాలలో ఒకే బల్లచుట్టు 101 మంది కూర్చుండవచ్చును. కట్టించిన నవాబునకు ఆ మేడ ఋణభారము తెచ్చినదని చెప్పుదురు. కొంతకాలమునకు అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వశమై, రాజ్యమునకు వచ్చు గొప్ప అతిథులకు విడిది యయ్యెను. 1911లో ఆ నిజాము కన్నుమూసినదియు ఆ మేడలోనే.

అనగా ఫలక్‌నుమా తన యౌవనముననే అతిథిగృహముగా ఉండెను. భారత గణతంత్రపు తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు 1951లో అచట విడిదిచేసెను. ఆ తరువాత రాజ్యము లేదు, రాజాతిథులు లేరు. మేడ చాలవరకు మూతపడెను. దుమ్ము, తడి, చెదలు రాజభవనమని వెనుదీయలేదు. కోనసీమలో కొబ్బరిమట్ట చేసిన పనిని అచట కాలము మరియొక విధముగా చేసెను.

దానికి మరల ప్రాణము పోయుటకు పూనుకొన్నవారు తాజ్ హోటళ్ల సంస్థవారు. నిజాము కుటుంబమునకు చెందిన యువరాణి ఎస్రా ఆ పనిని దగ్గరనుండి చూచెను. సుమారు పది సంవత్సరములు పనివారు శ్రమించిరి. ఈ పని క్రొత్త మేడ కట్టుటకంటె కష్టమైనది. క్రొత్త మేడలో పనివాడు తనకు తోచిన రీతిని పని చేయవచ్చును. పాత మేడలో వందయేండ్ల క్రిందటి పనివాని చేతిని తెలిసికొని, దానికి లొంగి పని చేయవలెను. తివాచీలను, దీపగుచ్ఛములను, కుర్చీలను, పటములను పారవేయక, ఒక్కొక్కదానిని శుభ్రపరచి పూర్వపు రూపు చెడకుండ బాగుచేసిరి. నీటిగొట్టములు, విద్యుత్తు తీగలు, స్నానపు గదులు నేటి అతిథికి కావలెను. వానిని అమర్చినను పాత మేడ చూపునకు పాతమేడగానే ఉండవలెను. 2010 నవంబరులో 60 గదులతో ఫలక్‌నుమా హోటలుగా తెరచుకొనెను. నేడు అతిథి కొండక్రింది ద్వారమువద్ద గుఱ్ఱపుబండి యెక్కి మేడకు చేరును. 2017 నవంబరులో హైదరాబాదున జరిగిన ప్రపంచ పారిశ్రామికుల సదస్సునకు వచ్చిన ప్రముఖులకు భారత ప్రధానమంత్రి విందు చేసినదియు ఈ మేడలోనే.

ఇట్టి ప్రయత్నములు అంతకు చాల ముందే ఇతరచోట్ల జరిగినవి. స్పెయిను దేశమున 1928లో ఆరంభమైన ప్రభుత్వ వసతిగృహముల సంస్థ క్రమముగా పాత కోటలను, మఠములను బాగుచేసి బాటసారులకు బసలుగా మార్చెను. మన దేశమున సంస్థానములు విలీనమైన పిదప రాజులకు తమ మేడలు బరువయ్యెను. జయపురపు మహారాజు 1957లో తన రాంబాగు భవనమును హోటలుగా చేసెను. ఉదయపురమున సరస్సు నడుమ నున్న మేడ 1963లో అట్లే మారెను. రాజస్థానమునందలి నీమ్రానా కోట 15వ శతాబ్దినాటిది. అది పాడుపడి, కప్పులు కూలిన దశలో దానిని తీసికొని బాగుచేసి 1991లో అతిథులకు తెరచిరి.

ఇవన్నియు రాజులవి, కోనసీమవంటి రైతుసీమకు వానితో ఏమి పని యని ఎవరైన అడుగవచ్చును. ఆ ప్రశ్నకు తమిళనాడునందలి చెట్టినాడు ప్రాంతము సమాధానము చెప్పును. కారైకుడి, కానాడుకాత్తాన్ మొదలగు ఊళ్లలో నగరత్తారులను వర్తకులు బర్మా మొదలగు దేశములలో వ్యాపారము చేసి పెద్ద యిండ్లు కట్టిరి. ఆ యిండ్లకు కూడ నడుమ తెరపిచోటు, చుట్టును స్తంభముల వసారాలు, వీధివైపు అరుగులు ఉన్నవి. రెండవ ప్రపంచయుద్ధముతో బర్మా వ్యాపారము దెబ్బతినెను. వారసులు దూరదేశములకు పోయిరి. ఇండ్లు మూతపడినవి, కొన్ని కూలినవి, వాని స్తంభములును తలుపులును కారైకుడి అంగళ్లలో అమ్మకమునకు వచ్చినవి. కాని అచట కొన్ని యిండ్లను వసతిగృహములుగా మార్చిరి. పెద్దమేడ కాకున్నను, పది గదులున్న పాతయిల్లు కూడ తన కప్పును తాను సంపాదించుకొనగలదని అవి చూపినవి.

అయినను ఇందులో ఆలోచింపదగిన యిబ్బంది యొకటి కలదు. ఫలక్‌నుమాలో ఒక్క రాత్రి బసకు వేలకొలది రూపాయలు ఈయవలెను. పూర్వము వంశము, అధికారము లేనివారు ఆ ద్వారము దాటలేకపోయిరి. నేడు ధనము లేనివారు దాటలేరు. గడప మారినది గాని ఎత్తు తగ్గలేదని చెప్పువారికి ఏమని బదులు చెప్పవలెను?

ఈ మాటలో కొంత నిజము ఉన్నది. అయినను రెండు గడపలును ఒకటి కావు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగపు 15వ అధికరణము దుకాణములలోను, భోజనశాలలలోను, హోటళ్లలోను ప్రవేశించుటకు మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత ఏ పౌరునికిని అడ్డు ఉండరాదని శాసించినది. ఒక లోగిలి సొంతయిల్లుగా ఉన్నంతకాలము గడప దాటనిచ్చుట యజమాని యిష్టము. అదే లోగిలి వసతిగృహమైన నాడు, వాకిట నిలిచినవానిని నీ కులమేదని అడుగు హక్కు ఎవరికిని లేదు. ఏ యింటి వాకిట తాత చేతులు కట్టుకొని నిలిచెనో ఆ యింటి మండువాలో మనుమడు దర్జాగా కూర్చుండి కాఫీ త్రాగవచ్చును. రాజ్యాంగ రచనాసంఘపు అధ్యక్షుని పేరు ధరించిన జిల్లాలో ఇది చిన్న మాట కాదు.

ఇక ధనపు గడప మాట. దానిని తగ్గించుట మనుష్యుల చేతిలో నున్నది. హైదరాబాదులోనే నిజాముల చౌమహల్లా భవనమును బాగుచేసి 2005లో ప్రజలకు తెరచిరి. అచట బసచేయుటకు వీలు లేదు గాని, కొద్దిపాటి రుసుము చెల్లించి బడిపిల్లవాడు సయితము లోనికి పోయి చూడవచ్చును. ఆ పనికి 2010లో యునెస్కో పురస్కారము కూడ లభించెను. బసకు ఒక వెల, దర్శనమునకు ఒక వెల యని రెండు దారులు ఉండవచ్చునని ఇది చూపుచున్నది. కోనసీమ లోగిలి వసతిగృహమైనచో దాని గదులు అద్దెకు పోవచ్చును, కాని వీధి అరుగు ఊరివారికే విడువవచ్చును. వారమునకు ఒక పూట బడిపిల్లలను మండువాలోనికి పిలువవచ్చును. అందువలన ఇంటివారికి నష్టము లేదు, ఊరివారికి ఇల్లు పరాయిది కాదు.

యాత్రికులు రారను భయము అక్కరలేదు. దిండివద్ద గోదావరి యొడ్డున పర్యాటకులకై వసతులు వెలసినవి. అంతర్వేది నరసింహస్వామిని సేవింపవచ్చువారు, సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థమును చూడవచ్చువారు ఏటేట వచ్చుచునే ఉన్నారు. చలనచిత్రములు తీయువారు కోనసీమ లోగిళ్లను వెదకికొనుచు వచ్చి, నాలుగు దినములు దీపములు పెట్టి, బొమ్మలు తీసికొని పోవుదురు. వారు పోయిన పిదప ఇల్లు మరల చీకటిపడును. నాలుగు దినముల వెలుగు కప్పును నిలుపలేదు. ఏడాది పొడుగున పొయ్యి వెలుగు యింటికే కప్పు నిలుచును.

పొయ్యి వెలిగిన యింట పదిమందికి పని దొరకును. పనసపొట్టు కూర వండుటలో చేయి తిరిగిన యిల్లాలికి, ఎగువకు ఈదివచ్చిన పులసను పులుసు పెట్టుట ఎరిగిన వంటవానికి, ఆత్రేయపురమున పలుచని పూతరేకులు తీయు స్త్రీలకు గిరాకి కలుగును. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పూతరేకులు ఊరిలోనే అమ్ముడుపోవును. అన్నింటికంటె ముఖ్యముగా, పాత కప్పును విప్పి మరల నేయగల పనివాడు, టేకు కీలును మేకు లేకుండ బిగింపగల వడ్రంగి, గానుగసున్నము పాకము తెలిసిన తాపీమేస్త్రి నేడు అరుదగుచున్నారు. చేయుటకు పని లేనిచో వారి విద్య వారితోనే పోవును. ఒక యింటిని బాగుచేయుట అనగా ఆ విద్యను మరియొక తరమునకు అందించుట.

డొక్కా సీతమ్మ అన్నమునకు వెల కట్టలేదు. హోటలు వెల కట్టును. ఈ రెండును సమానమని ఎవరును అనరు. సీతమ్మ చేసినది దానము, హోటలు చేయునది వృత్తి. కాని వృత్తిని కూడ మర్యాదతో చేయవచ్చును. వచ్చినవాడు అలసియున్నాడని గుర్తించుట, వేళకు వేడి అన్నము పెట్టుట, శుభ్రమైన పడక వేయుట, చెప్పిన వెలకు మించి పుచ్చుకొనకుండుట వెలకు దొరకు వస్తువులు కావు. అవి ఇంటివారి స్వభావమునుండి వచ్చును. ఆ స్వభావము లేని హోటలులో టేకు స్తంభములు ఎన్ని యున్నను అవి కఱ్ఱలే.

లోగిళ్లన్నియు హోటళ్లు కానక్కరలేదు. ఒకటి గ్రంథాలయము కావచ్చును, ఒకటి వైద్యశాల, మరియొకటి సంగీతపాఠశాల కావచ్చును. ఇంటివారే తిరిగివచ్చి కాపురముండిన అంతకంటె మేలు లేదు. కావలసినది ఒక్కటే: లోపల మనుష్యులు మెదలుచుండవలెను.

ఆషాఢమున తొలివాన కురిసిన నాడు మండువా మూలనున్న తూమును పరిశీలించిన ఈ సంగతి తెలియును. కొబ్బరిపీచు, ఎండుటాకులు, పిచ్చుక జారవిడిచిన గడ్డిపోచలు అందు చేరును. ఎవరో యొకరు వంగి, చేతితో వానిని తీసి పారవేయవలెను. తీసిన మరుక్షణమే నీరు సుడి తిరుగుచు వెలుపలికి పోవును. తీయనినాడు అది గోడలోనికి పోవును. ఆ చేయి యజమానిదా, వంటవానిదా, అద్దెకు వచ్చిన అతిథిదా యని ఇల్లు అడుగదు.